నంబరు చెప్పే ఊరి పేరు

పంతొమ్మిదో శతాబ్దంలో మన తీరప్రాంతాల నుంచి ఎందరో చెరకు తోటల పనికి మారిషస్ వెళ్లారు. కూలి ఒప్పందం మీద వెళ్లారు. వాళ్లలో మీ ముత్తాత ఉంటే, జాడ పట్టడం ఎలా?

ముందు ఇంట్లో వెతకండి. తాతగారి జనన పత్రం, ఆయన తల్లిదండ్రుల పెళ్లి పత్రం. ఒక్కో తరం వెనక్కి వెళ్లండి. ఆ పాత పత్రాల్లో పేరు పక్కన ఒక నంబరు కనిపించవచ్చు. దాన్ని జాగ్రత్తగా రాసుకోండి. ఓడ దిగిన ప్రతి కూలీకీ ఒక నంబరు ఇచ్చారు. పేరు కన్నా ఆ నంబరే నమ్మదగినది. ఎందుకంటే గుమస్తాలు మన పేర్లను తమకు వినబడినట్టు రాసుకున్నారు.

ఆ నంబరుతో మారిషస్‌లో మోకా అనే చోట ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌ను అడగండి. వలస రిజిస్టర్లు అక్కడున్నాయి. తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు దొరకవచ్చు. కొందరికి ఫొటో కూడా ఉంటుంది. ముత్తాత ముఖం చూడగలగడం ఎంత భాగ్యం!

ఒక్క జాగ్రత్త. ఓడ ఎక్కిన రేవు సొంత ఊరు కాకపోవచ్చు. కోరంగి రేవులో ఓడ ఎక్కినవారంతా కోరంగివారు కారు. రిజిస్టర్‌లోని ఊరి పేరు అర్థం కాకపోతే, పైకి చదవండి. ఆ జిల్లా పెద్దవాళ్లకు వినిపించండి.