మంచం పక్కన మనిషి



దవాఖానాలో ముసలివారికి తోడుండే మనిషి నిద్ర గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. రోగికి మంచముంది. ఈ మనిషికి కింద చాప. సెలైన్ అయిపోతుందేమోనని చూడాలి, బెడ్‌పాన్ అందించాలి, నర్సమ్మ చీటీ రాస్తే మందుల షాపుకు పరుగెత్తాలి. కాస్త కన్ను మూతపడేసరికి ముసలాయన లేచి కూర్చుని "ఇంటికి పోదాం పద" అంటాడు. దవాఖానాలో వృద్ధులకు రాత్రిళ్లు ఇలా మతి తప్పడం తరచూ ఉన్నదే. డాక్టర్లు దీన్ని డెలీరియం అంటారు.

ఎదిగిన మనిషికి రోజూ కనీసం 7 గంటల నిద్ర కావాలి. ఏకధాటిగా 17 గంటలు మేలుకొన్నవాడి చురుకుదనం మద్యం పుచ్చుకున్నవాడిలా మందగిస్తుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు పరీక్షించి ప్రకటించారు. తెల్లవారి ఏ మాత్ర ఎప్పుడు వేయాలో మనం అప్పజెప్పేది అలాంటి మనిషికేనండీ!

మన ఇళ్లల్లో ఈ పని కోడలికో, పెళ్లికాని కూతురికో పడుతుంది. కొడుకులు సాయంత్రం పళ్లు పట్టుకొని వస్తారు. (నేనూ అలా వచ్చినవాణ్ణే.) పళ్లు వద్దు బాబూ, ఒక రాత్రి మీరుండండి! మనవాళ్లు వంతులు వేసుకుంటే మూడు రాత్రుల కొకసారైనా ఆ పిల్ల ఇంటికెళ్లి పడుకుంటుంది. ఆడవార్డులో ఆడవాళ్లే ఉండాలి కనుక సోదరీమణులు కూడా ముందుకు రావాలి. పేర్లు రాసే పుస్తకం తలుపు దగ్గర బల్లమీద పెట్టించాను.