కంప్యూటరు పొద్దున్నే మొరాయిస్తే



పూర్తిగా పాడైన వస్తువుతో పేచీ లేదు. బాగుచేయిస్తాం, లేదా మార్చేస్తాం. ఒకరోజు పనిచేసి ఒకరోజు మొండికేసే వస్తువుతోనే చిక్కంతా. ఇంట్లో కంప్యూటరు అలాంటిదే. బటన్ నొక్కితే ఉలకదు, పలకదు. మెకానిక్కు వచ్చేసరికి మాత్రం, డాక్టరుగారి గుమ్మం తొక్కగానే జ్వరం తగ్గిన పిల్లాడిలా, చక్కగా లేచి కూచుంటుంది. అతను మన వంక అదోలా చూసి, వచ్చినందుకు డబ్బు పుచ్చుకుని వెళ్లిపోతాడు.

అందుకని మెకానిక్కు కంటె ముందు కావలసింది ఒక చిన్న పుస్తకం. పాల లెక్క రాసుకునే క్యాలెండరైనా సరే. మొరాయించినప్పుడల్లా తేదీ, వేళ, ఎన్నోసారి నొక్కితే లేచిందీ, అంతకుముందు కరెంటు పోయిందా, ఇంత మాత్రం రాయండి. దీపం వెలిగిందా, లోపల ఫ్యాను తిరిగిందా, తెర మీద ఏమైనా కనిపించిందా అన్నది కూడా.

దీపమూ లేదు, ఫ్యానూ లేదంటే లోపం కరెంటు వచ్చే దారిలో ఉండి ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డుల సంగతి మనకు తెలియనిదా? లోపలి రేకులు వదులై, చీపురు తగిలితే కరెంటు పోతుంది, మళ్లీ తగిలితే వస్తుంది. బోర్డునీ, యు.పి.ఎస్. ఉంటే దాన్నీ తప్పించి, నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి నాలుగురోజులు చూడండి.

ఫ్యాను తిరుగుతూ తెర నల్లగా ఉంటే, తెర వైరు వదులు కావచ్చు, లేదా ర్యామ్ అనే పలక గాడిలో సరిగా కూచోకపోవచ్చు. ప్లగ్గు పీకేసి, పలక తీసి మళ్లీ గట్టిగా కూచోబెడితే చాలాసార్లు సరిపోతుంది. నైలాన్ చీర కట్టుకుని మాత్రం ఆ పలకను ముట్టుకోకండి. ఆ బట్టకు పుట్టే చిటపట మనకు చురుక్కుమంటుందంతే, దానికి ప్రాణం మీదికి రావచ్చు. ఇక తేదీ ఎప్పుడూ పాత సంవత్సరంలోకి పోతూంటే, లోపల రూపాయి బిళ్లలాంటి 3 వోల్టుల బ్యాటరీ అయిపోయిందన్నమాట. చాలావాటిలో సి.ఆర్. 2032 అనే రకమే ఉంటుంది, ఖరీదైనది కాదు.

మా ఆడపడుచుగారి పుస్తకంలో లెక్క ఇంకో విధంగా తేలింది. ప్రతి పొద్దుటా రెండుసార్లు నొక్కినా లేవదు, మూడోసారికి లేస్తుంది, ఇక రాత్రిదాకా ఢోకా లేదు. మొదట వచ్చిన మెకానిక్కు మదర్‌బోర్డే మార్చాలన్నాడు. ఈ లెక్క చూసిన రెండో అతను ఎస్.ఎం.పి.ఎస్. మార్చాడు, అంతే. ఇంటి 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులకు దించి లోపలి భాగాలకిచ్చే పెట్టె అది. అందులో కెపాసిటర్లనే చిన్న డబ్బీలుంటాయి. అవి ముసలివైతే చల్లగా ఉన్నప్పుడు ఓపిక చాలదు, కాస్త వెచ్చబడ్డాక పుంజుకుంటాయి. అచ్చం మన మోకాళ్లలాగానే! అలాకాక పొద్దున బాగానే లేచి, గంటసేపు వాడాక ఆగిపోయి, చల్లారేదాకా లేవనంటే, ఫ్యానుకు దుమ్ము పట్టిందేమో చూడాలి. ఎస్.ఎం.పి.ఎస్. పెట్టె మూత మాత్రం మీరు విప్పకండి. ప్లగ్గు పీకాక కూడా అందులో షాకు కొట్టేంత కరెంటు నిలవ ఉండవచ్చు.

కంపెనీ గుర్తు వచ్చి అక్కడే ఆగిపోతూంటే ఒక్క సంగతి. 2012లో వచ్చిన విండోస్ 8 మొదలుకొని, మామూలుగా షట్‌డౌన్ కొట్టినా అది పూర్తిగా ఆగకపోవచ్చు, సగం నిద్రలో ఉంటుంది. మర్నాడు త్వరగా లేవడానికి ఆ ఏర్పాటు. అది తిక్కగా ఉంటే ఒకసారి రీస్టార్ట్ కొట్టి చూడండి.

ఇవన్నీ ఒక ఎత్తు. లోపలినుంచి టక్కుటక్కుమని చప్పుడు వస్తూంటే మాత్రం పాతకాలపు హార్డ్ డిస్కు పోయే సూచన కావచ్చు. అప్పుడు రిపేరు తర్వాత. అత్తగారి ఫోటోలు, పిల్లల సర్టిఫికెట్లు, పింఛను కాగితాలు, లేచిన ఆ పూటే వేరే డిస్కులోకి ఎక్కించుకోండి. రేపు లేస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఎస్.ఎం.పి.ఎస్. బజారులో దొరుకుతుంది, పోయిన మనిషి ఫోటో దొరకదు కదండీ.

మెకానిక్కు వచ్చినప్పుడు పుస్తకం అతని చేతికివ్వండి. ఏ భాగం మార్చినా పాతది మీకే ఇచ్చి వెళ్లాలని పని మొదలుపెట్టకముందే చెప్పండి.