తొమ్మిదో నెల సూది మానకండి
(వినగడప మహిళా సంఘాల సమావేశంలో ఒక గ్రూపు లీడరు ప్రసంగం)



ప్రతి ఏడూ ఇక్కడ పొదుపు గురించి, బ్యాంకు లోన్ల గురించి మాట్లాడతాను. ఈసారి పిల్లలకు వచ్చే నెమ్ము జబ్బు గురించి చెబుతాను. డాక్టర్లు దీన్నే న్యుమోనియా అంటారు.

"సూది వేస్తే పిల్లోడికి జ్వరం వస్తుంది, మిరపకోతల్లో ఎవరు చూస్తారు, తర్వాత వేయిద్దాంలే" అని మనం అంటుంటాం. నేనూ అన్నాను. మా చిన్నోడికి తొమ్మిదో నెల సూది వేయించకుండా కోతలకు పోయాను. ఏడాది దాటాక వాడికి జ్వరం, దగ్గు, డొక్కలెగరేయడం మొదలైంది. వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. సూది వేయిస్తే ఇది వచ్చేదే కాదని గట్టిగా చెప్పలేమని డాక్టరు గారు అన్నారు. కానీ కాపలా సగంలో వదిలేశానన్న బాధ నాకు పోలేదు. అందుకే అన్నీ అడిగి తెలుసుకున్నాను.

గాలితో పాటు క్రిములు రోజూ లోపలికి వస్తూనే ఉంటాయి. ముక్కులో, గాలి గొట్టాల్లో ఉండే జిగురు వాటిని పట్టుకుంటుంది. ఆ గొట్టాల్లో కంటికి కనపడనంత సన్న నూగు ఉంటుంది. అది జిగురును పైకి తోస్తే దగ్గు బయటికి నెడుతుంది. కట్టెల పొయ్యి పొగ, బీడీ పొగ ఆ నూగును పాడుచేస్తాయి. ఇవన్నీ దాటి ఊపిరితిత్తుల్లోకి పోయిన క్రిముల్ని రక్తంలోని తెల్లకణాలు మింగేస్తాయి. అక్కడ క్రిములదే పైచేయి అయితే, గాలి ఉండాల్సిన చోట నీరు, చీము చేరతాయి. అదే నెమ్ము.

న్యుమోకాకస్ అనే క్రిమి చాలామంది పిల్లల ముక్కుల్లో ఊరికే ఉంటుంది. అది ఒంటిమీద చక్కెర జాతి పొర కప్పుకుని తెల్లకణాలకు చిక్కకుండా జారిపోతుంది. పెద్దవాళ్ళ ఒళ్ళు ఆ పొరకు అతుక్కునే యాంటీబాడీలను తయారుచేస్తుంది. అవి అతుక్కుంటే తెల్లకణానికి పట్టు దొరుకుతుంది. రెండేళ్ళలోపు పిల్లల ఒంటికి ఆ పని సరిగా చేతకాదు. కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు కొన్ని నెలలకే తగ్గిపోతాయి. తల్లిపాలు కొంత అండగా ఉంటాయి గాని అవే చాలవు.

టీకాలో ఆ చక్కెర పొర ముక్కను, పసి ఒళ్ళు గుర్తుపట్టగలిగే ప్రోటీనుకు అతికిస్తారు. బతికున్న క్రిమి అందులో ఉండదు. మనం తీర్మానాల పుస్తకంలో రాసుకున్నట్టు, ఒళ్ళు ఆ గుర్తును దాచుకుంటుంది. అసలు క్రిమి వచ్చినప్పుడు వెంటనే ఎదుర్కొంటుంది. సూది వేశాక వచ్చే కొద్దిపాటి జ్వరం ఒళ్ళు పని మొదలుపెట్టిందనడానికి గుర్తు. జ్వరం రాకపోయినా టీకా పనిచేస్తుంది.

ఈ పీసీవీ టీకా మన రాష్ట్రంలో 2021 ఆగస్టు నుంచి ప్రభుత్వం ఉచితంగా వేస్తోంది. 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు వేయించాలి. మొదటి రెండూ గుర్తును నేర్పితే, మూడోది దాన్ని గట్టిపరుస్తుంది. 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్ టీకా కూడా కోరింత దగ్గును, నెమ్ము తెచ్చే హిబ్ అనే ఇంకో క్రిమిని అడ్డుకుంటుంది. తేదీ దాటిపోతే సిగ్గుపడకుండా ఏఎన్ఎమ్ గారిని అడగండి.

టీకాలు వేసినా నెమ్ము అసలు రాదని కాదు. వేరే క్రిములతోనూ వస్తుంది. అందుకే బిడ్డకు దగ్గు ఉంటే చొక్కా పైకెత్తి, నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ళ లోపు 40, లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఊపిరి పీల్చేటప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగకపోయినా, మగతగా ఉన్నా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. చురకలు పెట్టించొద్దు. దగ్గు మందు పోసి చూద్దామని ఆగొద్దు.

చివరగా ఒక్క కోరిక. ఐదేళ్ళలోపు పిల్లలున్న తల్లులు నెల మీటింగుకు పొదుపు పుస్తకంతో పాటు టీకాల కార్డు కూడా తేవాలి. కంతు కట్టనివాళ్ళ ఇంటికి అందరం కలిసి పోతాం కదా, సూది తప్పిన బిడ్డ ఇంటికి కూడా అలాగే పోదాం. కోతకు పోవాల్సిన తల్లి ఉంటే, ఆ పూట బిడ్డను గ్రూపులో ఒకరం చూసుకుందాం. నాకు ఆ రోజు అలాంటి ఒక్క మనిషి ఉంటే చాలనిపిస్తుంది.