ఇంజన్ కంప్యూటర్‌లో పేరు లేని పట్టికలు
(ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో జరిగిన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. ఇంటర్మీడియట్ చదివి ఫౌజులో చేరినవాడిని. ఇ.ఎం.ఇ.లో వెహికల్ మెకానిక్‌గా మొదలుపెట్టి సుబేదారుగా రిటైరయ్యాను. మా తాతగారు బి.ఎన్.ఆర్. రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చారు. అందుకని పెన్షన్ తీసుకున్నాక నేనూ ఈ గోల్‌బజార్‌కే చేరాను. తెలిసిన పని గురించే నాలుగు మాటలు చెబుతాను. అందులో నా తప్పు కూడా ఒకటుంది.

మన జిప్సీ అందరికీ తెలుసు. మొదట్లో అది కార్బురేటర్ బండి. స్క్రూ అర చుట్టు తిప్పితే ఏమయిందో చెవికి తెలిసేది. 2000లో దానికి ఇంజెక్షన్ వచ్చింది, వెంట ఇ.సి.యు. అనే కంప్యూటర్ పెట్టె వచ్చింది. ఏ స్పీడులో ఎంత పెట్రోలు పోయాలి, స్పార్క్ ఎన్ని డిగ్రీల ముందు ఇవ్వాలి అన్నది ఆ పెట్టెలోని పట్టికలు చెబుతాయి. ఒక అంచున ఇంజన్ ఆర్.పి.ఎం., రెండో అంచున లోడు, మధ్య గడుల్లో అంకెలు. మనం చదువుకున్న ఎక్కాల పుస్తకం లాంటిదే. 16 వరుసలు, 16 నిలువులు ఉంటే 256 గడులు.

చిక్కు ఎక్కడంటే, ఆ పట్టికల పేర్లు పెట్టెలో ఉండవు. అవి కంపెనీ దగ్గరే ఉంటాయి. 512 కిలోబైట్ల ఫైలు బయటికి తీస్తే 5,24,288 అంకెలు కనబడతాయి, అంతే. రైల్వే టైంటేబుల్‌లో స్టేషన్ల పేర్లు, రైలు నంబర్లు చెరిపేసి ఒట్టి అంకెలు చేతికిచ్చినట్టుంటుంది.

నేను రిటైరయ్యాక లాప్‌టాప్ కొని ఈ విద్య మొదలుపెట్టాను. మా బావమరిదిది పాత పెట్రోలు కారు. "ఏసీ వేస్తే బండి లాగడం లేదు బావా" అన్నాడు. ఫైలు తీసి చూశాను. ఒక చోట 20, 25, 30 అంటూ పెరుగుతూ 160 దాకా పోయే వరుస దొరికింది. 40తో గుణిస్తే 800 నుంచి 6,400. ఆర్.పి.ఎం. అంచు దొరికిందని సంతోషించాను. దాని వెనకే కొండలా నున్నగా ఎక్కి దిగే పట్టిక. ఇదే పెట్రోలు పట్టిక అనుకున్నాను.

లోడు పెరిగే కొద్దీ అందులో అంకెలు తగ్గుతున్నాయి. అక్కడే ఆగాల్సింది. లోడు పెరిగితే పెట్రోలు తగ్గడమేమిటి? ఆ అంచు తిరగేసి రాశారేమోలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఫుల్ లోడు గడుల్లో 8 చొప్పున కలిపి, ఫైలు మళ్లీ ఎక్కించాను.

అది స్పార్క్ పట్టిక. ఒక్కో అంకె 0.75 డిగ్రీ. 8 అంటే 6 డిగ్రీలు. బండి హుషారుగా లాగింది, నన్ను అందరూ మెచ్చుకున్నారు. తరువాత ఆదివారం బావమరిది పెళ్లాం పిల్లలతో దీఘా బయలుదేరాడు. ఎండ, ఏసీ, నిండా జనం. ఇంజన్‌లో రాళ్లు గిలక్కొట్టినట్టు చప్పుడు. ఆ ఇంజన్‌కు నాకింగ్ పసిగట్టే సెన్సర్ లేదు. దారిలో నీలం పొగ కక్కి ఆగిపోయింది. విప్పి చూస్తే ఒక పిస్టన్ రింగు గాడి దగ్గర విరిగి ఉంది.

"పెట్రోలు కల్తీ అయి ఉంటుంది" అన్నాను. అవును, అబద్ధం చెప్పాను. వాడు నమ్మి, బంకుకు వెళ్లి అక్కడి కుర్రాడితో గొడవ పెట్టుకున్నాడు.

ఆ తరువాతే పద్ధతిగా నేర్చుకున్నాను. మొదట అసలు ఫైలు రెండు చోట్ల భద్రపరచాలి. పెరిగే వరుసలు వెతికి అంచులు పట్టుకోవాలి. ఆకారం చూడాలి, కానీ ఆకారాన్నే నమ్మకూడదు. పెట్రోలుకు, స్పార్క్‌కు అంచులు ఒకటే ఉండవచ్చు. సాధారణంగా స్పార్క్ ఆర్.పి.ఎం.తో పెరుగుతుంది, లోడుతో తగ్గుతుంది. పెట్రోలు లోడుతో పెరుగుతుంది. ఆపైన స్కానర్ తగిలించి బండి నడపాలి. 2,000 ఆర్.పి.ఎం., సగం లోడులో స్కానర్ 27 డిగ్రీలు చూపిస్తే, ఆ గడిలో 36 ఉందా? 36ను 0.75తో గుణిస్తే 27. వేడిని బట్టి, ఏసీని బట్టి కంప్యూటర్ కొంత కలుపుతుంది, తీసేస్తుంది. కాబట్టి ఒక్క చోట కలిస్తే చాలదు, పది చోట్ల కలవాలి. ప్రోగ్రాం చదవగలిగిన పిల్లలయితే, ఆ పట్టికను ఏ లెక్క కోసం తీస్తోందో అక్కడే చూస్తారు. అది అన్నిటికన్నా గట్టి సాక్ష్యం. ఇంత చేశాక కూడా మొదటి మార్పు చిన్నదిగా, ఇంజన్‌కు హాని లేని వైపే ఉండాలి. స్పార్క్ అయితే తగ్గించే చూడాలి. ఫైలులో చెక్‌సమ్ సరిచెయ్యాలి. బండి పొగ పరీక్షలో తప్పకూడదు. కంపెనీ వారంటీ ఉన్న బండి జోలికి పోవద్దు.

ఈ లెక్క ఆ పాత ఫైలు మీద వేసినప్పుడు నా తప్పు పది గడుల్లోనూ కనబడింది. స్కానర్ ముందు అబద్ధం నిలవలేదు. ఆ సాయంత్రమే బావమరిది ఇంటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఇంజన్ పని ఖర్చు చేతిలో పెట్టాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "డబ్బుదేముంది బావా, ఆ రోజు బండిలో పిల్లలున్నారు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. మర్నాడు ఇద్దరం కలిసి బంకుకు వెళ్లాం. ఆ కుర్రాడికి చేతులు జోడించి క్షమాపణ చెప్పాను.

ఫౌజులో మనకు నేర్పింది ఇదే కదా. తెలియని దారిలో ముందు రెక్కీ, తరువాతే కదలిక. తెలియనిది తెలియదని రిపోర్టు ఇవ్వాలి, ఊహించి రాయకూడదు. ముప్పై ఏళ్లు యూనిఫాంలో పాటించినదాన్ని ఇంటి ముందు నిలబెట్టిన కారు దగ్గర మరిచిపోయాను.

మన పిల్లల్లో ఈ విద్య మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఆదివారం ఉదయం మా ఇంటికి రావచ్చు. నాకు తెలిసినంత చెబుతాను. ఆ విరిగిన పిస్టన్ బల్ల మీదే పెట్టుకున్నాను. పాఠం దానితోనే మొదలవుతుంది.

 జై హింద్.