తలుపు మీద కాగితం
(కొత్తగా చదువు నేర్చినవారి కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



పని వెతుక్కుంటూ పల్లె విడిచి పట్నం వచ్చినవాళ్ళలో చాలామందికి సొంత ఇల్లు ఉండదు. తాపీ పనివాళ్ళు, ఆటో నడిపేవాళ్ళు, బట్టలు కుట్టేవాళ్ళు, ఇడ్లీ బండి పెట్టుకున్నవాళ్ళు అద్దె ఇళ్ళలోనే కాపురం చేస్తారు. తిన్నా తినకపోయినా నెల తిరిగేసరికి అద్దె కడతారు. ఇంటాయనతో మాట రాకుండా చూసుకుంటారు.

అలా ఒక్క నెల కూడా బాకీ పడనివాళ్ళ తలుపు మీద ఒకరోజు ఒక కాగితం కనబడుతుంది. దాని మీద బ్యాంకు పేరుంటుంది. ఇంటాయన పేరుంటుంది. లక్షల్లో అప్పు లెక్క ఉంటుంది. ఈ ఇంటిని బ్యాంకు స్వాధీనం చేసుకుందని రాసి ఉంటుంది. అద్దెకున్నవాళ్ళ పేరు అందులో ఎక్కడా ఉండదు. కానీ వీధిన పడేది వాళ్ళే. అప్పు ఇచ్చింది ఒకరు, తిన్నది ఒకరు, సామాను సర్దుకోవలసింది ఇంకొకరు. ఆబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్ళు విరిగినట్టు ఉంటుంది వ్యవహారం.

ఆ కాగితం చూడగానే కొందరు హడలిపోతారు. ఆ వారంలోనే ఇల్లు ఖాళీ చేస్తారు. ఇచ్చిన అడ్వాన్సు కూడా వదులుకుంటారు. ఇంకొందరు "అది ఇంటాయనకు వచ్చిన కాగితం, మనకేం?" అని చించి పారేస్తారు. ఒకరోజు పోలీసులు వచ్చి నిలబడితే లబోదిబోమంటారు. ఈ రెండూ నష్టమే. చెయ్యవలసింది ఒకటే. కాగితాన్ని చదవాలి. తేదీ చూడాలి. ఆ తేదీలోనే అద్దెకున్నవాళ్ళ మంచీ చెడూ ఉంది.

కాగితం తలుపు దాకా ఎలా వచ్చింది?

ఇంటాయన ఇంటి దస్తావేజులు బ్యాంకులో పెట్టి అప్పు తీసుకుంటాడు. దీన్నే తాకట్టు అంటారు. తనఖా అని కూడా అంటారు. నెలనెలా కిస్తు కట్టాలి. కట్టవలసిన కిస్తు 90 రోజులు దాటినా కట్టకపోతే బ్యాంకు ఆ అప్పును మొండి బాకీ కింద రాసుకుంటుంది.

2002లో పార్లమెంటు సర్ఫేసీ చట్టం అని ఒకటి చేసింది. ఈ చట్టం ప్రకారం బ్యాంకు దావా వెయ్యకుండానే తాకట్టు ఇంటిని స్వాధీనం చేసుకోవచ్చు. వేలం వెయ్యవచ్చు. అయితే అది మెట్టు మెట్టుగా జరగాలి.

మొదటి మెట్టు 60 రోజుల నోటీసు. 60 రోజుల్లో బాకీ తీర్చమని బ్యాంకు ఇంటాయనకు రాస్తుంది. ఈ నోటీసు అద్దెకున్నవాళ్ళకు రాదు. ఇంటాయన కూడా చెప్పడు. అందుకే చాలామందికి విషయం తెలిసేసరికి ఆలస్యమవుతుంది.

రెండో మెట్టు స్వాధీన ప్రకటన. తలుపు మీద అంటించేది ఇదే. అంటించిన 7 రోజుల్లోగా రెండు పత్రికల్లో కూడా వెయ్యాలి. వాటిలో ఒకటి ఆ ప్రాంతం వాళ్ళు చదివే భాషలో ఉండాలి. అంటే మన దగ్గర తెలుగు పేపర్లో కూడా వస్తుంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. మనుషులు ఉంటున్న ఇంటికి కాగితం అంటించినప్పుడు ఆ స్వాధీనం చాలాసార్లు కాగితం మీదనే ఉంటుంది. ఇంట్లోవాళ్ళు అదేరోజు బయటికి పోవాలని కాదు.

మూడో మెట్టు ఇల్లు ఖాళీ చేయించడం. ఇంట్లోవాళ్ళు తమంతట తాము ఇవ్వకపోతే బ్యాంకు జిల్లా కలెక్టరు దగ్గరికి గానీ, మేజిస్ట్రేటు దగ్గరికి గానీ వెళ్ళాలి. అక్కడ ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఆ ఉత్తర్వు ఉంటే పోలీసుల సాయం దొరుకుతుంది.

నాలుగో మెట్టు వేలం. మొదటిసారి వేలం వేసేముందు కనీసం 30 రోజుల గడువు ఇవ్వాలి.

ఇంకో మాట. వీధిలో వడ్డీకి తిప్పే షావుకారికి ఈ చట్టం లేదు. ఇంటాయన అతనికి బాకీ ఉంటే అతను కోర్టుకు వెళ్ళవలసిందే. నలుగురు మనుషుల్ని వెంటబెట్టుకొచ్చి సామాను బయట పడేసే హక్కు అతనికి లేదు.

మూడు తేదీలు

అద్దెకున్నవాళ్ళ హక్కు మూడు తేదీల మీద ఆధారపడి ఉంటుంది. ఒకటి, వాళ్ళు ఇంట్లో చేరిన తేదీ. రెండు, ఇంటాయన ఇల్లు తాకట్టు పెట్టిన తేదీ. మూడు, బ్యాంకు 60 రోజుల నోటీసు ఇంటాయనకు అందిన తేదీ. వీటిలో ఏది ముందు, ఏది వెనక అన్నదే అసలు సంగతి.

ఒక లెక్క చూడండి. హైదరాబాదులో ఒక మూడంతస్తుల ఇల్లు ఉందనుకోండి. ఇంటాయన 2019లో దాన్ని బ్యాంకుకు తాకట్టు పెట్టాడు. బ్యాంకు నోటీసు 2024 జనవరిలో అందింది. ఇంట్లో మూడు కాపురాలున్నాయి.

కింది వాటాలో ఇడ్లీ బండి నడిపే ఆలుమగలు. వాళ్ళు 2014లో చేరారు. అంటే తాకట్టు కంటే ముందు. ముగ్గురిలో వీళ్ళకే బలం ఎక్కువ. చట్టప్రకారం చేసుకున్న అద్దె ఒప్పందం తాకట్టు కంటే ముందుదైతే, దాని గడువు ముగిసేదాకా బ్యాంకు కూడా ఆగాలి. 2014లో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. అలాంటివాళ్ళను ఖాళీ చేయించేముందు వాళ్ళ మాట కూడా వినాలని మేజిస్ట్రేట్లకు చెప్పింది.

నడిమి వాటాలో ఆటో నడిపే అన్న కుటుంబం. వాళ్ళు 2022లో చేరారు. తాకట్టు తరవాత, నోటీసుకు ముందు. వీళ్ళది మధ్యరకం బలం. తాకట్టులో ఉన్న ఇంటిని కూడా ఇంటాయన అద్దెకు ఇవ్వవచ్చు. కానీ 3 ఏళ్ళకు మించి ఇవ్వరాదు. "మా అనుమతి లేకుండా అద్దెకు ఇవ్వకూడదు" అని తాకట్టు పత్రంలో షరతు ఉంటే వీళ్ళ బలం ఇంకా తగ్గిపోతుంది.

పై వాటాలో మిషను కుట్టే అక్క, ఆమె తల్లి. వాళ్ళు 2024 మార్చిలో చేరారు. నోటీసు వచ్చాక. నోటీసు అందాక బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఇంటాయన ఇల్లు అద్దెకు ఇవ్వకూడదు. ఆయన ఆ సంగతి దాచి అడ్వాన్సు తీసుకున్నాడు. వీళ్ళకు ఇంటి మీద బలం లేదు. సామాను సర్దుకోవడానికి గడువు ఇమ్మని బ్యాంకుకు అర్జీ పెట్టుకోవాలి. అడ్వాన్సు కోసం ఇంటాయన మీద పడాలి. మోసం చేశాడని ఆయన మీద ఫిర్యాదు కూడా ఇవ్వవచ్చు.

చూశారా! ఇల్లు ఒకటే. ఇంటాయన ఒకడే. బ్యాంకు ఒకటే. అయినా ముగ్గురికి మూడు రకాల న్యాయం. తేడా అంతా తేదీలది.

నోటి మాట చాలదు

"మేం పదేళ్ళనుంచి ఇక్కడే ఉంటున్నాం, వాడకట్టంతా ఎరుగుదురు" అంటే సరిపోదు. ఎందుకంటే కొందరు ఇంటి యజమానులు వేలం తప్పించుకోవడానికి లేని కిరాయిదారులను పుట్టిస్తారు. అందుకని ట్రిబ్యునళ్ళు, కోర్టులు గట్టి రుజువు అడుగుతాయి.

2019లో సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. ఏడాదికి మించి అద్దె హక్కు ఉందనేవాళ్ళు రిజిస్టరైన పత్రం చూపాలంది. రిజిస్టరు కాని కాగితంతో గానీ, నోటి మాటతో గానీ ఉంటే ఏడాదికి మించి హక్కు అడగలేరంది. మన దగ్గర ఎక్కువమంది 11 నెలల కాగితం రాసుకునేది రిజిస్ట్రేషను ఖర్చు తప్పించుకోవడానికే. ఖర్చు తప్పుతుంది, నిజమే. హక్కు కూడా అంతమేరకే ఉంటుంది.

2016లో వచ్చిన తీర్పు ఒకటుంది. రాష్ట్రంలోని అద్దె చట్టం కింద రక్షణ ఉన్నవాళ్ళను ఒక్క సర్ఫేసీ చట్టం చూపించి వెళ్ళగొట్టరాదని అందులో చెప్పారు. అయితే ఆ రక్షణ అన్ని ఇళ్ళకూ రాదు. ఏ ఊళ్ళో ఉన్నారు, అద్దె ఎంత అన్నదాన్ని బట్టి ఉంటుంది. వకీలును అడిగి తెలుసుకోవాలి.

అందుకని కాగితాలు దాచుకోవాలి. కొత్త అగ్రిమెంటు రాగానే చాలామంది పాతది పారేస్తారు. పారెయ్యకండి. మొదట చేరిన తేదీ చెప్పేది ఆ పాత కాగితమే. అద్దె రశీదులు, అద్దె ఫోనులో పంపితే ఆ లెక్క, ఆ చిరునామాతో ఉన్న రేషను కార్డు, ఓటరు కార్డు, గ్యాసు పుస్తకం, పిల్లల బడి కాగితాలు అన్నీ ఒక సంచిలో వేసి ట్రంకు పెట్టెలో పెట్టుకోవాలి.

దొంగ తేదీ వద్దు

ఇలాంటప్పుడు ఇంటాయన మెత్తగా వచ్చి కూర్చుంటాడు. "ఏం భయం లేదు చెల్లెమ్మా! 2018లోనే చేరినట్టు ఒక కాగితం రాయిస్తా. నువ్వు సంతకం పెట్టు చాలు. నీ ఇల్లూ నిలుస్తుంది, నా ఇల్లూ నిలుస్తుంది" అంటాడు.

అలాంటి కాగితం మీద చెయ్యి పెట్టకూడదు. స్టాంపు కాగితం ఏ రోజు కొన్నారో దాని మీదే రాసి ఉంటుంది. దొంగతనం అక్కడే బయటపడుతుంది. దొంగ కాగితం చూపించడం నేరం. అప్పు చేసినవాడు బాగానే ఉంటాడు, సంతకం పెట్టినవాళ్ళు కేసులో ఇరుక్కుంటారు. "వద్దన్నా, నేను చేరిన తేదీ ఏదో అదే చెప్తా" అని ఆ అక్క గట్టిగా అనాలి.

ఎక్కడికి వెళ్ళాలి?

2016లో పార్లమెంటు సర్ఫేసీ చట్టాన్ని సవరించింది. అప్పటినుంచి అద్దెకున్నవాళ్ళు కూడా తమ హక్కు కోసం అప్పుల వసూలు ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. బ్యాంకు స్వాధీనం చేసుకున్న రోజునుంచి 45 రోజుల్లోపల వెయ్యాలి. అందుకే కాగితం మీద తేదీ చూడమనేది. చించి పారేస్తే ఆ 45 రోజులు చెయ్యిజారిపోతాయి. ఈ ట్రిబ్యునళ్ళు హైదరాబాదులో ఉన్నాయి, విశాఖపట్నంలో ఉన్నాయి.

ట్రిబ్యునల్ నాలుగు విషయాలు చూస్తుంది. అద్దె గడువు అయిపోయిందా? ఆస్తి బదిలీ చట్టానికి విరుద్ధంగా ఇచ్చారా? తాకట్టు షరతులకు విరుద్ధంగా ఇచ్చారా? నోటీసు తరవాత ఇచ్చారా? వీటిలో ఏ ఒక్కటి అవునన్నా అర్జీ నిలవడం కష్టం.

వకీలుకు ఇచ్చేందుకు డబ్బు లేదంటారా? జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీ వారికి రాబడితో పనిలేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు. తక్కువ రాబడి ఉన్న మిగతావాళ్ళకు కూడా ఇస్తారు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. వెళ్ళేటప్పుడు తలుపు మీద కాగితం నకలు, దాచుకున్న కాగితాల సంచి తీసుకెళ్ళాలి.

ఈలోగా అద్దె ఎవరికి కట్టాలి? అద్దె ఆపేస్తే అదే వంక అవుతుంది. ఇక నుంచి అద్దె తమకే కట్టమని బ్యాంకు రాతపూర్వకంగా అడిగితే, ఆ కాగితం వకీలుకు చూపించాకే కట్టాలి. ఎవరికి కట్టినా రశీదు లేకుండా ఒక్క రూపాయి ఇవ్వకూడదు. బ్యాంకు మనుషులమని ఎవరైనా వస్తే గుర్తింపు కార్డు, ఉత్తర్వు నకలు చూపమని అడగాలి. బెదిరిస్తే 112కు ఫోను చెయ్యాలి.

ఇల్లు తీసుకునేముందు

గోడలు, నీళ్ళు, గాలీ వెలుతురూ చూసుకుంటారు కదా! ఇంటి మీద అప్పు ఉందేమో కూడా చూసుకోవాలి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ అనే కాగితం ఇస్తారు. రిజిస్టరైన తాకట్లు అందులో తెలుస్తాయి. అన్ని తాకట్లూ అందులో ఎక్కవు. అందుకని అగ్రిమెంటులో ఒక మాట రాయించాలి. "ఈ ఇంటి మీద బ్యాంకు అప్పు ఉంది" అనో, "లేదు" అనో ఇంటాయన సంతకంతో ఉండాలి. ఇచ్చిన అడ్వాన్సు ఎంతో కూడా అందులో రాయించాలి. అడ్వాన్సు తిరిగి ఇవ్వవలసింది తీసుకున్నాయనే. ఇల్లు పోయాక ఆయన్ను పట్టుకోవాలంటే ఆ రాతే ఆధారం.

చట్టం ప్రతివాళ్ళకూ ఇల్లు నిలబెడుతుందని కాదు. కొందరికి ఏళ్ళు దొరుకుతాయి. కొందరికి నెలలు దొరుకుతాయి. కొందరికి నెల రోజులే దొరకవచ్చు. ఆ నెల రోజులు కూడా చిన్నవి కావు. పిల్లల పరీక్షలు అయ్యేదాకా ఉండవచ్చు. ఇంకో ఇల్లు వెతుక్కోవచ్చు. అడ్వాన్సులో కొంతైనా రాబట్టుకోవచ్చు. రాత్రికి రాత్రి సామాను నెత్తిన పెట్టుకుని పోవడం వేరు, గడువు తీసుకుని పగటిపూట తలెత్తుకుని పోవడం వేరు.

తలుపు మీద కాగితం పడితే పక్కింటివాళ్ళను చదవమనకండి. అక్షరాలు నేర్చింది ఇందుకే. మీరే చదవండి. తేదీ చూసి రాసుకోండి. 45 రోజులు లెక్కపెట్టండి. మర్నాడు పొద్దున్నే సంచి తీసుకుని బయలుదేరండి.