బాటయా? పట్టాలా?



హైదరాబాదు నగరమున బౌద్ధనగరమను పేటలో నేను కాపురముండుట చాలకాలమైనది. మా పేటకు తూర్పున సికిందరాబాదునుండి కాచిగూడకు పోవు ఇనుపదారి. దాని కావల ఉస్మానియా విశ్వవిద్యాలయము, తార్నాక. రాత్రి మాటు మణిగినవేళ రైలు చప్పుడు మా యింటికి వినబడును. పగలు వినబడదు, అప్పుడు మోటారు కూతలదే రాజ్యము.

ఇటీవల మా వీథి పెద్దలు కూడినప్పు డొక వాదము పుట్టినది. సర్కారు సొమ్ముతో రోడ్లు వెడల్పు చేసి వంతెనలు కట్టవలెనని కొందఱు, ఆ సొమ్ముతో రైళ్లు హెచ్చింపవలెనని కొందఱు. గొంతులు పెరిగినవి. పెరుగుటకు కారణము లేకపోలేదు. మా పేటలో పెక్కు ఇండ్లు అరువది, డెబ్బది గజముల స్థలములలో కట్టుకొన్నవి. వీథి పది అడుగులు వెడల్పైనచో ఒకరి అరుగు పోవును, వేఱొకరికి వంటయిల్లే పోవును. ఆ అరుగుమీద కుట్టుమిషను పెట్టుకొని పిల్లలను చదివించుకొనువారు మాలో కలరు. మఱియొక ప్రక్క, అంబులెన్సు మా సందు మలుపు తిరుగలేక నిలిచిపోయిన దినమునుగూడ నేనెఱుగుదును. కావున నిది కాలక్షేపపు చర్చ కాదు.

సంస్కృతమున 'వా' యన్నచో అదిగాని యిదిగాని. 'చ' యన్నచో అదియు నిదియు. మావారందఱు 'వా' పట్టుకొని పోరాడుచుండిరి. పాత పంతులును గదా, నేనొక పాతకథ యెత్తుకొంటిని.

వాడినుండి సికిందరాబాదునకు రైలు 1874లో వచ్చినది. 1930లో నిజాము ప్రభుత్వము రైల్వేను కంపెనీవారి చేతినుండి కొనెను. అప్పటికి మోటారు బస్సులు బయలుదేఱి, రైలెక్కు జనమును తమవైపు లాగుకొనుచుండెను. ఇతర దేశములలో నీ పోటీ ముదిరి రైల్వేలు మిక్కిలి నష్టపడినవి. ఇచ్చటివారు చేసినపని వేఱు. 1932లో రైల్వేశాఖయే 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డురవాణా నారంభించెను. రైలు పోలేని యూరికి బస్సు పోవును. బస్సు తెచ్చిన జనమును రైలు మోయును. రెంటికిని ఖజానా యొక్కటే. 1950లో రైళ్లు కేంద్రమునకు, 1951లో బస్సులు రాష్ట్రమునకు చేరినవి. అన్నదమ్ములు వేఱుపడినట్లైనది. నాటినుండి ఒకరి లెక్క యొకరికి పట్టదు.

ఈ వేఱుకాపురమువలన కలిగిన చిక్కును మా యింటిముందరనే చూడవచ్చును. ఎం.ఎం.టి.ఎస్. అను నగరపు రైలు 2003 ఆగస్టులో నడువ నారంభించెను. చాలవఱకు ఉన్న పట్టాలమీదనే క్రొత్త స్టేషనులు కట్టి నడిపిరి గనుక తొలిదశకు సుమారు 178 కోట్లు మాత్రమే వ్యయమైనది. రాష్ట్రము సగము, రైల్వే సగము భరించినవి. 2017లో వచ్చిన మెట్రోరైలు స్తంభములమీద పోవును; అది 69 కిలోమీటర్లు పూర్తియగునప్పటికి వేలకోట్లు పట్టినవి. మెట్రో తార్నాకలో నాగును, మాకు మేలే చేసినది, దానిని నిందింపను. కాని చవుకయైన బండిని మఱచితిమి. ఎం.ఎం.టి.ఎస్. రెండవదశకు సుమారు 817 కోట్లని అంచనా వేసి, మూడింట రెండుపాళ్లు రాష్ట్రము, ఒకపాలు రైల్వే ఇచ్చునట్లు నిశ్చయించిరి. సొమ్ము వేళకు చేరక పని యేండ్ల తరబడి సాగినది. మేడ్చలునకు 2023లోను, ఘటకేసరునకు 2024లోను గాని బండి పోలేదు.

సీతాఫలమండి, ఆర్ట్సు కాలేజి, జామియా ఉస్మానియా స్టేషనులు మాకు చేరువనే యున్నవి. అయినను మా పిల్లలు ఆటో యెక్కుదురు. ఏలయన, ఆ పట్టాలమీదనే దూరపుబండ్లు, గూడ్సుబండ్లు పోవలెను. లోకల్ బండికి సందు దొరకుట కష్టము. ఒకటి తప్పినచో రెండవదానికై చాలసేపు కనిపెట్టుకొని యుండవలెను. బండి లేదని జనము రారు. జనము రాలేదని బండి వేయరు. ఒక్క బండి వేయిమందికి పైబడి మోయగలదు. అంతమందికి బస్సులైనచో ఇరువదికి తక్కువ కావు. ఇంక మోటారుకార్ల మాట చెప్పనేల? రోడ్డును వెడల్పు చేసినకొలది కార్లు పెరుగుచునే యున్నవి. కావున సొమ్ము ముందుగా పట్టాలకు పోవలెననియే నా యభిప్రాయము.

ఇచ్చట ఒక వృద్ధుడు, "రైలువారు మాత్రము లెక్క చెప్పుదురా?" యనెను. న్యాయమైన ప్రశ్నయే. 1883లో ఈ నగరముననే యీ ప్రశ్న పుట్టినది. చాందావైపు రైలు పొడిగించుటకు ఇంగ్లీషు కంపెనీ యొకటి ముందునకు రాగా, దాని మూలధనముపై వడ్డీకి నిజాము ఖజానా పూచీపడవలసి వచ్చెను. షరతులు ప్రజలకు తెలుపుడని పురప్రముఖులు కొందఱు సభలు చేసిరి. వారిలో సరోజినీనాయుడుగారి తండ్రి, విద్యావేత్త అఘోరనాథ చటోపాధ్యాయులవా రొకరు. ఆ అపరాధమునకు వారిని సంస్థానమునుండి వెడలగొట్టిరి. రైలు 1889లో బెజవాడ చేరినది. వారు రైలు వలదనలేదు, లెక్క చూపుడనిరి.

ఈ తగవు నగరమునకే చెందినది కాదు. 2020లో మహమ్మారికాలమున రైళ్లు నిలిచిపోయి, మరల నడచినప్పుడు చిన్న స్టేషనులలో పెక్కు బండ్లు ఆగుట మానినవి. ఆ యూళ్లవారు ఒకవైపు రోడ్డుకు, ఒకవైపు రైలు ఆగుటకు వేర్వేఱు కచ్చేరీలలో అర్జీలు పెట్టుకొనుచున్నారు. రెండును ఒక్క కాగితముమీద వ్రాసి ఇద్దఱికిని పంపుడని నా మనవి. ఊరినుండి స్టేషనుకు పోవు బాట యెంత, బండివేళకు బస్సు కలదా లేదా, సొమ్మెవరిది అని అందులో నుండవలెను.

మా సభలో అంతవఱకు మాటాడక కూర్చున్న కుట్టుపని చేయు నొకామె తుదకు లేచి, "పంతులుగారూ, స్టేషనుకు పోయే సందులో దీపము లేక ఆడపిల్లలు భయపడుచున్నారు. ఆ దీపానికి ఎన్ని కోట్లు కావలె?" నని యడిగెను. ఎవ్వరును నవ్వలేదు. ఆ రాత్రియే అర్జీ వ్రాసితిమి: సందునకు దీపములు, నడచుటకు కాలిబాట, అంబులెన్సు తిరుగునట్లు మలుపు మాత్రము సరిచేయుట, ఉదయము సాయంకాలము మఱి రెండేసి బండ్లు. మొదటి సంతకము ఆమెదే.