పోయిన యెముక – నిలిచిన చిత్రము



తెలియని శిలాజపు తునకను, దాని చిత్రమును మాత్రమే చూచి గుర్తింపవచ్చునా? ఇంగ్లండున జరిగిన యొక వృత్తాంతము దీనికి సమాధానము చెప్పును.

ఆక్స్‌ఫర్డుషైరులోని కార్న్‌వెల్ గ్రామపు రాతిగనిలో నొక పెద్ద యెముక తునక దొరకెను. రాబర్ట్ ప్లాట్ అను పండితుడు 1677లో ప్రకటించిన గ్రంథమున దాని చిత్రమును ముద్రించి, చుట్టుకొలత 2 అడుగులనియు, బరువు సుమారు 20 పౌనులనియు వ్రాసెను. అది తొడయెముక క్రిందికొన యని సరిగానే గ్రహించెను. ఏనుగుదేమో యని శంకించి, 1676లో ఆక్స్‌ఫర్డునకు వచ్చిన యేనుగుతో పోల్చి, కాదని త్రోసివేసెను. తుదకు మహాకాయుడగు మానవునిదని నిర్ణయించెను.

పిమ్మట ఆ యెముక కనబడకుండ పోయెను, చిత్రము మిగిలెను. 1824లో విలియం బక్లండ్ మెగలోసారస్ అను మహాసరీసృపమును వర్ణించెను. పోల్చుటకు తగిన యెముకలు లభించిన మీదట శాస్త్రజ్ఞులు పాత చిత్రమును పరికించి, అది అట్టి మాంసాహార డైనోసారు తొడయెముక యని తేల్చిరి. అయినను జాతిని ఖండితముగా చెప్పుటకు ఆ తునక చాలదు.

ప్లాట్ చెప్పిన పేరు తప్పెను. గీయించిన రూపము, వ్రాసిన కొలతలు నిలిచెను. ఈ పాఠము మనకును పనికివచ్చును. మన గోదావరి లోయలో యామన్‌పల్లి వద్ద కోటాసారస్ అను డైనోసారు ఎముకలు లభించినవి. కావున వింతరాయి కనబడినచో ప్రక్కన కొలబద్ద నుంచి, అన్ని వైపుల నుండి ఛాయాచిత్రములు తీయవలెను; దొరకిన చోటును వ్రాసి యుంచవలెను. పేరు పెట్టుటకు తొందర వలదు. తప్పు పేరును రేపటివారు దిద్దగలరు. వ్రాయని చోటును ఎవ్వరును చెప్పలేరు.